రద్దైన ప్రయాణం డబ్బులు: ఏ తలుపు తడితే వస్తాయి?

2020 ఏప్రిల్‌లో మా ఇంటిల్లిపాదీ కాశీ వెళ్లాలి. అమ్మ మొక్కు పదేళ్ల నాటిది. నాన్న రిటైరయ్యాకే దానికి తీరిక దొరికింది. అమ్మా నాన్నా, బాబాయీ పిన్నీ రైల్లో వెళ్లాలి. "కాశీకి ఎగిరిపోతే పుణ్యమేం మిగుల్తుందిరా" అని నాన్న పంతం. మేం నలుగురం, మా తోడల్లుడి ఇంటివాళ్లు ముగ్గురు విమానంలో. కాశీలో గదులకు నాలుగు వేలు అడ్వాన్సు కూడా పంపేశాం. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి టీవీలో లాక్‌డౌన్ మాట విన్నాక పెట్టెలు మళ్లీ అటకెక్కాయి.

ఒకే ప్రయాణానికి కట్టిన ఆ డబ్బు ఒక్కోటి ఒక్కోలా తిరిగొచ్చింది. రైలు టికెట్లది పైసా తగ్గకుండా ఆగస్టులోనే వచ్చింది. మా విమానం టికెట్లకు పద్నాలుగు నెలలు పట్టింది. తోడల్లుడికి పన్నులు తప్ప ఏమీ రాలేదు. గదుల అడ్వాన్సు సంగతి తర్వాత చెప్తాను.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు అంటే, నన్ను ఇప్పటికీ అడుగుతున్నారు. కొందరికి ఆనాటి డబ్బే ఇంకా ఏదో పోర్టల్ వాలెట్‌లో ఇరుక్కుని ఉంది. కొందరికి నిన్నగాక మొన్న వేరే కారణంతో విమానం రద్దైంది. ఇద్దరికీ ప్రశ్న ఒకటే: క్రెడిట్ షెల్‌కి (నగదు బదులు అదే సంస్థలో వాడుకునే జమకి) ఒప్పుకోవాలా, ఏజెంట్ వెంటపడాలా, బ్యాంకుకి రాయాలా, కేసు వేయాలా?

ముందు ఈ ఐదూ తేల్చుకోండి

మొదటిది, ఇవాళ మీ డబ్బు ఎవరి దగ్గర ఉంది? విమాన సంస్థ దగ్గరా, ఏజెంట్ దగ్గరా, పోర్టల్ వాలెట్‌లోనా? ఇది తెలియకుండా ఎవరికి ఫోన్ చేసినా, ఆయన ఇంకొకాయన పేరు చెప్పి పెట్టేస్తాడు. నేను నెలల తరబడి తిరిగింది ఇది తెలుసుకోకే.

రెండోది, రద్దు చేసిందెవరు? మీరా, వాళ్లా? డబ్బుకి సంబంధించి దీన్ని మించిన ప్రశ్న లేదు.

మూడోది, ఎలా కట్టారు? క్రెడిట్ కార్డా, యూపీఐనా, చేతికి నగదా? నాలుగోది, ఎంత? మూడు వేల కోసం చేసే పని వేరు, మూడు లక్షల కోసం చేసే పని వేరు. ఐదోది గడువు. ప్రతి దారికీ ఒక తేదీ ఉంటుంది, అది దాటితే ఆ తలుపు మూసుకున్నట్టే.

మీరు రద్దు చేస్తే ఒకటి, వాళ్లు చేస్తే ఒకటి

మా తోడల్లుడిది జాగ్రత్త మనిషి తత్వం. మార్చి 21న, జనతా కర్ఫ్యూకి ముందు రోజు, భయపడి తన మూడు టికెట్లూ తనే యాప్‌లో రద్దు చేసుకున్నాడు. 28,800 రూపాయలకు తిరిగొచ్చింది పన్నుల కింద 3,900. మూడు రోజులు ఆగుంటే 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటన వచ్చేది, ఏప్రిల్ 9 నాటి మా విమానం ఎలాగూ ఎగిరేది కాదు. ఒకే విమానం, పక్కపక్క వరుసల్లో సీట్లు. నేను సోమరితనంతో వదిలేసినందుకు నా డబ్బు మిగిలింది, ఆయన ముందుచూపుకి ఆయనది పోయింది. ఈ మాట ఎత్తితే మా మరదలు ఇప్పటికీ ఆయన వైపు ఒక చూపు చూస్తుంది.

మనం రద్దు చేసుకుంటే టికెట్ కొన్నప్పటి షరతుల ప్రకారం కోత పడుతుంది. వాళ్లు రద్దు చేస్తే ఆ షరతులతో పని లేదు. రైళ్లకూ ఇదే లెక్క. రద్దైన రైళ్ల ఈ-టికెట్లను ఎవరికి వారు క్యాన్సిల్ చేసుకోవద్దని, డబ్బు దానంతటదే పూర్తిగా వస్తుందని ఐఆర్‌సీటీసీ 2020 మార్చిలోనే చెప్పింది. కాబట్టి బండి కదలదని అనుమానం ఉన్నప్పుడు క్యాన్సిల్ బటన్ మీద వేలు పెట్టకండి. వాళ్ల మెసేజ్ వచ్చేదాకా ఆగండి. మీకే ఒంట్లో బాగాలేక ప్రయాణం మానుకుంటున్నారా? అది వేరే కథ. అప్పుడు తొందరగా రద్దు చేసుకుంటేనే కోత తక్కువ.

మీరే రద్దు చేసుకున్నా, "నాన్ రీఫండబుల్" టికెట్ అయినా, ప్రభుత్వ పన్నులూ విమానాశ్రయం ఫీజులూ తిరిగి ఇవ్వాల్సిందేనని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. చాలామంది దీన్ని అడగనే అడగరు.

2020 నాటి విమానం టికెట్లు: సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

2020 మార్చి 25 నుంచి మే 24 దాకా దేశంలో విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్ 16న విమానయాన శాఖ ఇచ్చిన మొదటి సూచన లాక్‌డౌన్ రోజుల్లో కొన్న టికెట్లకే పనికొచ్చింది. మాలాగా జనవరిలో కొన్నవాళ్లను అందులో పట్టించుకోలేదు. విమాన సంస్థలు మమ్మల్ని అడక్కుండానే మా డబ్బును క్రెడిట్ షెల్‌లో వేసేశాయి. క్రెడిట్ షెల్ అంటే మీ డబ్బు వాళ్ల ఖాతాలోనే మీ పేరు మీద ఉండటం. తర్వాత ఎప్పుడైనా అదే సంస్థలో టికెట్ కొనుక్కోవాలి.

ప్రవాసీ లీగల్ సెల్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో అక్టోబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక లెక్క ఇలా తేలింది:

| ఎప్పుడు కొన్నారు | ఎప్పటి ప్రయాణం | ఏం దక్కాలి |
|---|---|---|
| 2020 మార్చి 25 – మే 24 మధ్య | అదే కాలంలో | పూర్తి డబ్బు |
| మార్చి 25కి ముందు | మే 24 లోపు | 15 రోజుల్లో పూర్తి డబ్బు. సంస్థ ఇవ్వలేని స్థితిలో ఉంటే 2021 మార్చి 31 దాకా క్రెడిట్ షెల్, అప్పటికీ వాడకపోతే డబ్బు వాపసు |
| ఎప్పుడైనా | మే 24 తర్వాత | డీజీసీఏ మామూలు రీఫండ్ నిబంధనలు |

క్రెడిట్ షెల్‌లో ఉన్నన్నాళ్లూ విలువ పెరగాలని కూడా కోర్టు చెప్పింది: 2020 జూన్ 30 దాకా నెలకు 0.5 శాతం, అక్కణ్నుంచి 2021 మార్చి 31 దాకా నెలకు 0.75 శాతం. దాన్ని ఇంకొకరి పేరు మీదికి మార్చుకోవచ్చు. ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ల డబ్బు మాత్రం ఏజెంట్ ఖాతాకే వెళ్తుంది. నా తలనొప్పి అక్కడ మొదలైంది.

క్రెడిట్ షెల్ మంచిదా, నగదు మంచిదా?

కాగితం మీద చూస్తే క్రెడిట్ షెల్ చెడ్డదేం కాదు. మా 38,400 మీద ఏప్రిల్ నుంచి లెక్కేస్తే మూడు నెలలకు 1.5 శాతం, తర్వాతి తొమ్మిది నెలలకు 6.75 శాతం. మొత్తం 8.25 శాతం, అంటే సుమారు 3,168 రూపాయలు. అప్పట్లో బ్యాంకు ఎఫ్‌డీ ఐదు శాతం చుట్టూ ఉంది. మా ఆఫీసులో ఒకాయన నెలకు రెండుసార్లు ఢిల్లీ వెళ్లొచ్చే మనిషి. ఆయన క్రెడిట్ షెల్ తీసుకుని, విమానాలు మొదలైన రెండు నెలల్లో మొత్తం వాడేశాడు. ఆయనకది లాభమే.

నాకు కాదు. ఏడాదికోసారి విమానం ఎక్కేవాడికి, అదీ పిల్లల్ని తీసుకుని కరోనా రోజుల్లో ఎక్కే ధైర్యం లేనివాడికి, ఆ ఎనిమిది శాతం అద్దంలో అన్నమే. పైగా వాడాలంటే అదే సంస్థ, అది తిరిగే ఊళ్లే. ఏజెంట్ ద్వారా కొన్నదైతే మళ్లీ ఆ ఏజెంట్ ద్వారానే వాడాలి.

ఇంకో ప్రమాదం ఉంది, అది అప్పట్లో నాకు తట్టలేదు. 2023 మే 3న గో ఫస్ట్ విమానాలు ఆగిపోయి సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అలాంటప్పుడు టికెట్ డబ్బు రావాల్సిన ప్రయాణికుడు కూడా అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సిందే. ఆ వరసలో బ్యాంకులు ముందుంటాయి. క్రెడిట్ షెల్ అంటే వడ్డీ వచ్చే డిపాజిట్ అనుకోవద్దు. హామీ లేకుండా మనం ఇచ్చిన చేబదులు అది. అన్ని సంస్థలూ ముంచాయని కాదు. ఇండిగో 2021 మార్చి నాటికి సుమారు 1,030 కోట్లు, అంటే ఇవ్వాల్సినదాంట్లో 99.95 శాతం, తిరిగి ఇచ్చేశామని ప్రకటించింది. సంస్థ ఆర్థికంగా ఎలా ఉందో మనలాంటివాళ్లకు ముందే తెలిసే దారి లేదు, నా భయమల్లా అదే.

క్రెడిట్ కార్డు మీద కొని, ఆ బాకీ ఇంకా కట్టుకుంటూ ఉంటే ఆలోచించే పనే లేదు, నగదే అడగండి. కార్డు వడ్డీ నెలకు మూడు శాతం పైన ఉంటుంది. దాని ముందు 0.75 ఎంత?

ఒక మాట గుర్తుంచుకోండి. మామూలు రోజుల్లో క్రెడిట్ షెల్ కావాలో వద్దో తేల్చేది ప్రయాణికుడే. సంస్థ తనంతట తాను అందులో వేయకూడదని డీజీసీఏ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కార్డుతో కట్టినదైతే ఏడు రోజుల్లో రీఫండ్ పంపాలి. యాప్‌లో "క్రెడిట్ షెల్" బటన్ పెద్దగా, రంగుగా, "ఒరిజినల్ పేమెంట్ మోడ్" బటన్ కింద చిన్నగా కనిపిస్తుంది. చిన్నదాన్నే నొక్కండి. ఒకసారి క్రెడిట్ షెల్‌కి ఒప్పుకున్నాక బ్యాంకు దగ్గరికెళ్లినా, వినియోగదారుల కమిషన్‌కెళ్లినా మీ వాదన పలచబడుతుంది.

ఏజెంట్ దగ్గర ఇరుక్కున్న డబ్బు

హైదరాబాద్‌లో సగం మంది కథ ఇదే. అమీర్‌పేటలోనో, మెహదీపట్నంలోనో తెలిసిన ఏజెంట్ ఉంటాడు. ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో టికెట్ వచ్చేస్తుంది, వంద రూపాయలు తక్కువకే. బిల్లు అడగం. రద్దైనప్పుడు తెలుస్తుంది, విమాన సంస్థ లెక్కలో ఆ టికెట్ కొన్నది మనం కాదు, ఏజెంట్ అని.

మా ఏజెంట్ మంచివాడే, ఇప్పటికీ అంటాను. 2020 నవంబర్ నుంచి ప్రతి ఫోన్‌కీ ఒకే జవాబు: "అన్నా, ఎయిర్‌లైన్ నుంచి ఇంకా రాలేదు. రాగానే మీకే ఫస్ట్." నమ్మాను. 2021 మేలో రెండో లాక్‌డౌన్ వచ్చి ఆయన షాపు షట్టర్ పడింది. అప్పుడు భయం పుట్టి నేనే విమాన సంస్థ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పీఎన్‌ఆర్ చెప్పాను. నలభై నిమిషాలు సంగీతం విన్నాక అమ్మాయి చెప్పింది: "సార్, ఈ పీఎన్‌ఆర్ మీద మొత్తం మార్చిలోనే ఏజెన్సీ ఖాతాకి వెళ్లిపోయింది." తేదీ, మొత్తం, రిఫరెన్స్ నంబర్ మెయిల్‌లో పంపమని అడిగాను. పది నిమిషాల్లో వచ్చింది.

ఏజెంట్‌తో గొడవ పడే ముందు చేయాల్సిన పని ఇదొక్కటే. డబ్బు ఎవరి ఖాతాలో ఉందో రాతపూర్వకంగా చేతిలో ఉండాలి. విమాన సంస్థ ఇవ్వలేదంటే ఏజెంట్‌ని తిట్టి లాభం లేదు. ఇచ్చిందంటే సంస్థకు వంద మెయిళ్లు పెట్టినా లాభం లేదు. ఆ మెయిల్ పట్టుకుని నేనేం చేశానో చివర్లో చెప్తాను.

పెద్ద పోర్టళ్ల విషయంలోనూ జరిగింది ఇదే, కాకపోతే కోట్లలో. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అందరూ సీసీపీఏ అంటారు, లాక్‌డౌన్ రీఫండ్లు ఇవ్వని పోర్టళ్ల మీద తనంతట తానే విచారణ మొదలుపెట్టింది. యాత్ర పోర్టల్‌కి 2021లో 36,276 బుకింగుల మీద 26.25 కోట్లు బాకీ ఉంటే, 2024 జూన్ నాటికి అది 4,837 బుకింగులు, 2.52 కోట్లకు దిగింది. ఆ మిగిలినది కూడా ఇచ్చేయాలని, ప్రయాణికులకు ఫోన్ చేసి చెప్పడానికి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఐదు సీట్లు పెట్టాలని 2024 జూన్ 27న సీసీపీఏ ఆదేశించింది. అంటే నాలుగేళ్ల తర్వాత కూడా డబ్బు కదిలింది. పాత యాప్ లాగిన్ ఉంటే ఒకసారి తెరిచి వాలెట్ చూసుకోండి. ఫోన్ నంబర్ మారినవాళ్లకే ఎక్కువగా ఇలా మిగిలిపోతుంది.

అడిగినా ఇవ్వకపోతే: దారుల పోలిక

| దారి | ఖర్చు | ఎవరికి సరిపోతుంది | బలహీనత |
|---|---|---|---|
| ఎయిర్‌సేవ (విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్) | లేదు | విమాన సంస్థ నుంచి నేరుగా కొన్నవాళ్లకు | ఏజెంట్‌తో గొడవకు పెద్దగా పనికిరాదు |
| నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 | లేదు | పోర్టల్, ఏజెంట్, హోటల్, ఎవరి మీదైనా | మధ్యవర్తి మాత్రమే, ఆదేశించలేదు |
| కార్డు ఛార్జ్‌బ్యాక్ | సాధారణంగా లేదు | కార్డుతో కట్టినవాళ్లకు, కొత్తగా రద్దైనవాటికి | గడువు తక్కువ |
| జిల్లా వినియోగదారుల కమిషన్ | 5 లక్షల దాకా ఫీజు లేదు | పెద్ద మొత్తం, ఓపిక ఉన్నవాళ్లకు | కాలం పడుతుంది |

నేనైతే 1915తో మొదలుపెడతాను. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఫిర్యాదు నంబర్ ఇస్తారు, అవతలి కంపెనీకి ఈ హెల్ప్‌లైన్‌తో ఒప్పందం ఉంటే ఫైలు కదులుతుంది. ఆదేశించే అధికారం లేకపోయినా ఆ నంబర్ తర్వాత కమిషన్‌లో మీరు ముందే ప్రయత్నించారనడానికి సాక్ష్యం అవుతుంది.

ఛార్జ్‌బ్యాక్ గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. కార్డుతో కట్టి సేవ అందకపోతే, కార్డు ఇచ్చిన బ్యాంకుకే రాసి ఆ లావాదేవీని వివాదంలో పెట్టొచ్చు. కార్డు నెట్‌వర్కుల గడువు సాధారణంగా ప్రయాణం జరగాల్సిన రోజు నుంచి 120 రోజులు. నేను ఈ మాట విన్నది రెండేళ్ల తర్వాత, కాబట్టి నా అనుభవం సున్నా. మా మేనకోడలు మాత్రం ఆ మధ్య రద్దైన ఒక టికెట్‌కి ఇలాగే డబ్బు రాబట్టింది. రద్దు మెసేజ్ స్క్రీన్‌షాట్, రీఫండ్ అడిగిన మెయిల్, దానికి జవాబు రాలేదన్న మాట, ఈ మూడే జతచేసింది. యూపీఐకి ఇంత గట్టి దారి లేదు. అందుకే ఇంట్లో పెద్ద ప్రయాణం ఏదైనా కార్డు మీదే కొంటున్నాం, బాకీ నెలలోపే కట్టేస్తాం. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇక కమిషన్. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. మనకు పనికొచ్చే మార్పు ఏంటంటే, కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. కూకట్‌పల్లిలో ఉండేవాడు ఢిల్లీ రైలెక్కాల్సిన పనిలేదు. లాయర్ తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెప్తుంది, అంతలో తేలుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. మూడు నాలుగు వేల కోసమైతే నేను వెళ్లను. నలభై వేలైతే ఆలోచిస్తాను. లక్ష దాటితే వెళ్తాను, అసలుతో పాటు వడ్డీ, ఖర్చులు, పడ్డ ఇబ్బందికి పరిహారం కూడా అడుగుతాను.

గడువు రెండేళ్లు. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసేసింది. అయినా 2020లో మొదలైన గొడవకు 2024 ఫిబ్రవరి ఆఖరుతో మామూలు గడువు తీరిపోయినట్టే. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది. "పని ఒత్తిడి" లాంటి కారణం నిలబడదు. పాత బాకీ ఇంకా ఉన్నవాళ్లకు నా సలహా కంపెనీకి మెయిల్, ఆ తర్వాత 1915.

రైలు, హజ్, గదులు

రైలు టికెట్లలో తేడా అంతా కౌంటర్‌దా, ఆన్‌లైన్‌దా అన్నదే. ఆన్‌లైన్‌వి వాటంతటవే వచ్చాయి. కౌంటర్ టికెట్లకు గడువు మొదట ప్రయాణం రోజు నుంచి మూడు నెలలు, తర్వాత ఆరు, చివరికి 2021 జనవరిలో తొమ్మిది నెలలకు పెంచారు (2020 మార్చి 21 – జూలై 31 మధ్య ప్రయాణాలకు). నాన్న ఆ టికెట్టుని ఎల్‌ఐసీ బాండ్లు పెట్టే ప్లాస్టిక్ కవర్‌లో దాచారు. ఆగస్టులో రెండు మాస్కులు, చేతికి గ్లౌజులు వేసుకుని కాచిగూడ వెళ్లి పూర్తి డబ్బు తెచ్చుకున్నారు. వచ్చి, విమానం వాళ్లమైన మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా తగిలింది. ప్రభుత్వ సంస్థ ఆలస్యం చేస్తుందని మనకో గట్టి నమ్మకం ఉంటుంది కానీ, ఆ ఏడాది మా ఇంట్లో అందరికంటే ముందు డబ్బిచ్చింది రైల్వేనే.

హజ్ సంగతీ అంతే. 2020 జూన్‌లో, ఆ ఏడాది మన దేశం నుంచి హజ్ యాత్ర లేదని తేలగానే, దరఖాస్తు చేసిన 2,13,000 మందికి కోత లేకుండా పూర్తి డబ్బు నేరుగా ఖాతాల్లో వేస్తామని కేంద్ర మంత్రి ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ ప్రకటించారు. నాంపల్లి హజ్ హౌస్ చుట్టూ తిరగాల్సిన పని తగ్గింది. ప్రైవేటు ఆపరేటర్ల ద్వారా ఉమ్రాకి కట్టినవాళ్లది వేరే వ్యవహారం. సౌదీ 2020 ఫిబ్రవరి 27నే ఉమ్రా ఆపేసింది. ప్యాకేజీలో టికెట్, వీసా, గది కలిపి కట్టేసినవాళ్లకు ఏది ఎంతో విడదీసి అడగడమే కష్టమైంది. ఏ ప్యాకేజీ కొన్నా ముందే విడివిడిగా లెక్క రాయించుకోండి.

గదులు, హోటళ్ల విషయంలో చట్టం కంటే మాట ఎక్కువ పనిచేస్తుంది. కాశీలో మా నాలుగు వేలు వాళ్లు తిరిగివ్వలేదు. "ఎప్పుడొచ్చినా మీ గదులు మీకే" అన్నారు. 2022 నవంబర్‌లో వెళ్తే, రిజిస్టర్‌లో పాత పేజీ తిప్పి మా పేరు చూపించి బిల్లులో తగ్గించారు. చిన్న మొత్తం, మళ్లీ వెళ్లే ఊరు అయితే తేదీ మార్పుకే ఒప్పుకోండి. కాకపోతే ఆ మాటని మెసేజ్‌లో పెట్టించుకోండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ మీద పెద్ద ఆశలొద్దు. పాత పాలసీల్లో చాలావాటికి మహమ్మారి మినహాయింపులో ఉండేది. కొనేముందు "ప్రయాణం రద్దు" కింద ఏ కారణాలు రాశారో ఆ ఒక్క పేజీ చదివితే చాలు.

మీరెవరు అన్నదాన్ని బట్టి

పిల్లలు అమెరికాలో ఉండి, పురిటికో స్నాతకోత్సవానికో వెళ్లాల్సిన అమ్మానాన్నలైతే మీ చేతిలో ఇంకో తాళంచెవి ఉంది. అమెరికాకి వెళ్లే, అక్కణ్నుంచి వచ్చే విమానాలకు అక్కడి రవాణా శాఖ నిబంధనలు వర్తిస్తాయి, అది ఏ దేశపు సంస్థ అయినా సరే. సంస్థే విమానం రద్దు చేస్తే డబ్బే ఇవ్వాలి, వోచర్ బలవంతంగా అంటగట్టకూడదు. 2022 నవంబర్‌లో ఆ శాఖ ఎయిర్ ఇండియా చేత 12.15 కోట్ల డాలర్ల రీఫండ్లు ఇప్పించి, ఆలస్యానికి 14 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు మీ అబ్బాయో అమ్మాయో పావుగంటలో పెట్టేస్తారు. హైదరాబాద్ నుంచి మీరు పెట్టే పది మెయిళ్ల కంటే అదొక్కటి నయం.

కాలనీ వాళ్లనో గుడి బృందాన్నో తీర్థయాత్రకి తీసుకెళ్లే పెద్దమనిషి మీరే అయితే, అందరికంటే ఇబ్బంది మీదే. ఇరవై ఇళ్ల డబ్బు మీ ఖాతాలోంచి వెళ్లింది కాబట్టి వాళ్ల దృష్టిలో ఏజెంట్ మీరే. మా వీధిలో ఒకాయన రిటైర్డ్ టీచర్. బస్సు ఆపరేటర్ ఇవ్వకపోయినా, ముఖం చెల్లక తన పెన్షన్‌లోంచి కొందరికి సర్దాడు. ఇలాంటివాళ్లు క్రెడిట్ షెల్ జోలికి అసలు పోవద్దు. ఇరవై మందికి మళ్లీ ఒకే తేదీ కుదరదు. ఎవరెంత ఇచ్చారు, ఎవరికెంత తిరిగిచ్చారు అన్న కాగితం వాట్సాప్ గ్రూపులో అందరికీ కనిపించేలా పెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్లలో ఓపిక లేకపోతే కౌంటర్ టికెట్లే కొనమనండి. కొత్తగా ఉద్యోగంలో చేరి కార్డు లేనివాళ్లు పోర్టల్ కంటే విమాన సంస్థ సొంత యాప్‌లో కొనడం మేలు. రెండు మూడు వందలు ఎక్కువైనా, రద్దైనప్పుడు మధ్యలో ఇంకో మనిషి ఉండడు.

నేను పంపిన మెసేజ్

తిట్లు లేవు, బెదిరింపు ఒక్క వాక్యమే. మీరూ అంకెలు మార్చి వాడుకోవచ్చు.

"నమస్తే అన్నా. 2020 ఏప్రిల్ 9న హైదరాబాద్–వారణాసి, నాలుగు టికెట్లు, పీఎన్‌ఆర్ ఇది, మొత్తం 38,400. ఈ డబ్బు మార్చిలో మీ ఏజెన్సీ ఖాతాకి జమ చేశామని విమాన సంస్థ పంపిన మెయిల్ జతచేశాను, రిఫరెన్స్ నంబర్ అందులో ఉంది. షాపు మూసి ఉందని తెలుసు, ఒకేసారి కుదరకపోతే రెండు విడతల్లో ఇచ్చినా సరే. పదిహేను రోజుల్లో రాకపోతే ఈ మెయిల్‌తోనే 1915కి ఫిర్యాదు చేస్తాను. నా యూపీఐ పాతదే."

దానికి ఆయన నుంచి వచ్చిన జవాబు ఒక్క బొటనవేలు బొమ్మ. తర్వాతి సోమవారం పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది: ఖాతాలో 36,400 పడ్డాయి. మిగతా రెండు వేలు సర్వీస్ ఛార్జీ అట.